ఐదు టన్నుల పోసవ్వ

ధర్మాబాద్ మిర్చి యార్డుల మార్చి నెల.
గాలే ఘాటు. కీబోర్డు ముట్టిన చేత్తో కన్ను నలుపుకుంటే
ఆ పూటకు ఇంక పని లేదు.
బయట పదకొండు లారీలు,
ఒక డ్రైవరు హారన్ మీదనే ఒరిగి నిద్రపోయిండు.

కాటా కాడి పాత కంప్యూటరు కరెంటు దెబ్బకు పోయింది.
కొత్తది వచ్చింది, నీలం తెరతోని,
ప్రతిదానికీ పర్మిషన్ అడుక్కుంట.
కంపెనీవాళ్లిచ్చిన కొత్త ప్రోగ్రాము ఎక్కించిన.
మంచిగనే ఉంది. రంగులున్నయి, గ్రాఫులున్నయి,
మరాఠీల స్వాగతం కూడ పలికింది.

"ఎవరన్న ఎక్కుండ్రి, చూస్త" అన్న.
తొడిమలు తీసే పోసవ్వ నెత్తి మీది గంప దించి
లారీలు నిలిచే ఇనుప పలక నడుమ నిలబడ్డది,
కొంగు సర్దుకొని, ఫోటో దిగుతున్నట్టు.
తెర మీద ఐదు వేల కిలోలు.

హమాలీలు నవ్విండ్రు. నేనూ నవ్విన.
పోసవ్వ నవ్వలే.
"ఉంటది బిడ్డా.
ఇన్నేండ్ల సంది మోసినయన్నీ యాడికి పోతయి?"

ఈ కాటా అంకెలను తోక నుంచి పంపుతది,
చివరి సున్నా ముందు, తల ఆఖరుకు.
ఏ కాగితం మీద రాసి లేదు.
తొంభై తొమ్మిదిల, నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలతో
ప్రోగ్రాము కట్టిన దెగ్లూర్ పిలగాడు
అది పసిగట్టి, తిప్పి చదువుమని దానికి నేర్పిండు.
ఆయన పేరు యార్డుల ఎవ్వరికీ యాదికి లేదు.
ప్రోగ్రాముకు మాత్రం తిప్పి చదువుడు యాదికుంది.

కొత్త సిస్టం దాన్ని గడప తొక్కనియ్యదు.
ఎన్నిసార్లు నొక్కినా ఒక్కటే మాట:
ఈ యాప్ మీ పీసీలో నడవదు.
తప్పేందో చెప్పదు. నడవదు, అంతే.

పెట్టె లోపల ఇంకో పెట్టె కట్టిన.
అండ్ల ఆరువందల నలభై కేబీల మెమొరీ పెట్టిన,
పరుగు తగ్గించిన,
తొమ్మిది సూదుల కేబులుకు
నాందేడ్ బస్సుల తెప్పించిన మారు ముక్కు తగిలించిన.
నువ్వు మీ ఇంట్లనే ఉన్నవు, ఏం మారలే అని
దానికొక్కదానికే వినబడేటట్టు చెప్పిన.

మోసమా ఇది?
గల్లా మీద బోర్డు కండ్లల్ల పడ్డది, చింతల్‌వార్ అండ్ సన్స్.
వీళ్ల తాత బైంసాల ఉత్త చింతల నాగయ్య.
నా ఆధార్ మీద నేను బొద్దుల్‌వార్,
మా అవ్వకు బొద్దులోళ్ల పిలగాన్ని.
ఈడ నడవాలంటే తోకకు రెండక్షరాలు.
నోట్లు లెక్కపెట్టేటప్పుడు మాత్రం
సేటు పెదవులు కదిలేది తెలుగులనే.

రాత్రి ఎనిమిదిన్నరకు నల్ల తెర లేచింది.
"మల్ల ఎక్కమంటవా?"
పోసవ్వ ఎక్కింది. యాభై.
దిగింది. సున్నా.
గంపతోని ఎక్కింది. అరవై.
"గంతేనా" అన్నది, కొంచెం నారాజుగ.

ప్రింటరు గుడ్డ చింపినట్టు అరిచింది.
పావతి మీద సంవత్సరం 19126 అని పడ్డది.
సేటు కండ్లద్దాలు పైకి నూకి చూసి
"ఇరవై ఆరేండ్ల సంది గట్లనే పడుతుంది,
నువ్వు తూకం చూడు" అన్నడు.

మొదటి లారీ పలక ఎక్కుతుంటే
పోసవ్వ ఆ పావతిని నాలుగు మడతలు పెట్టి
బొడ్ల సంచిల దోపుకున్నది.
కాటా పైసలు ఎవ్వరూ అడగలే.

ఐదు వేల కిలోలది
కొత్త ప్రోగ్రాముల అట్లనే ఉన్నది.
చెరిపెయ్యాల్నా అని పర్మిషన్ అడిగింది.
ఇయ్యలే.