రేకు బస్సులు

పర్లాకిమిడిలో వాచీల కొట్టు వెనక
ఆదివారం ముగ్గురం కూడతాం.

చక్రాలు ప్లాస్టిక్ అయిన ఏడే
ఆ కంపెనీ చచ్చిందంటాడు పాత్రో.
కాదు, రంగు బదులు స్టిక్కరొచ్చినప్పుడంటాడు బిసోయి.
అట్ట మీద బొమ్మ మార్చినప్పుడని
మళ్ళీ తనే.

నేను మాట్లాడను.
నా ఎర్ర బస్సు టాపు మీద పంటిగాటుంది, నాదే.
ధర పలకదు. అమ్మను.
మిగతా నలభై మూడూ
పెట్టె విప్పనివే.

ఈ వారం వాచీలాయన మనవరాలు కుని
కొత్త బస్సు తెచ్చింది, ఈకంత తేలిక.
మా బల్లంతా తోలింది
నోటితోనే హారను కొడుతూ.
చక్రం ఊడింది. నవ్వింది.
స్టిక్కరు గోటితో లేపి
పాత్రో బట్టతలకి అంటించింది.

మహేంద్రతనయ వంతెన దాటేదాకా
తియ్యలేదాయన.