సూది నిలవాలె

వంటింట్ల గచ్చు మీద పాత దుప్పటి పరిచి
రెగ్యులేటర్ విప్పిన.
కరెంటు పోతదేమోనని ముందే తలకు లైటు కట్టుకున్న.
భూలక్ష్మి తాంబాళం ఇచ్చింది.
విప్పిన వరుసలనే పెట్టుకుంట పోయిన:
స్ప్రింగు, వాషరు, పిస్టను,
మళ్ళొక స్ప్రింగు.
"పెండ్లికి సారె సదిరినట్టున్నది" అన్నది.
నవ్వొచ్చింది గని చెయ్యి కదల్నియ్యలే.

ఓరింగు తీయనీకి ఇనుము వాడొద్దు.
ఇత్తడికి వెంట్రుకంత గీత పడ్డా
గాలికి అదే బాట.
మా నాయనమ్మ పాపిట తీసుకున్న ఏదుముల్లున్నది,
దాంతోనే తీస్త.
ఆమెకు మోకాలి లోతు నీళ్ళన్నా భయం.
ఎల్లంపల్లి గేట్ల కింద, ముప్పై అడుగుల చీకట్ల
నేను పీల్చే గాలి
ఆమె ముల్లు మొన మీంచే వస్తదని ఎవరు చెప్పాలె.

పాచి పట్టిన తొడుగును సిర్కల నానేసిన.
బుడగలొచ్చినయి.
గోదారి పచ్చగ దిగింది గిన్నెలకు.
ఇరికిన మోదుగు మొద్దులు, తెగిన వల,
ఓసారి స్కూటరు,
ఓసారి...
అది వద్దు. అన్నం వండే జాగ ఇది.

అసలు రోగం సీటుది.
చొక్కా గుండీల సగం, తెల్లటి ప్లాస్టిక్.
సిలిండర్ల రెండు వందల బార్ల గాలిని
ఆపెటిది అదొక్కటే.
నడుమ గుండ్రటి గుంట పడ్డది,
మట్టె కింద ఏలికి పడ్డ జాడ లెక్క.
గేజీ పెడితే సూది తొమ్మిది మీద ఆగి,
ఆగినట్టు చేసి,
మెల్లగ పాకుతది పది దిక్కు, పదకొండు దిక్కు,
నిద్రపోయినోని మీదికి మిత్తి పాకినట్టు.

ముంబయికి ఫోన్ చేసిన.
మంచి మనిషే. మర్యాదగనే అడిగిండు,
కాగితం ఉన్నదా అని.
మునిగెతందుకు ఉన్నది భయ్యా.
"మరి విప్పెతందుకు?"
లేదు.
"అయితే సామాను అమ్మరాదు. డబ్బా పంపు.
నలభై రోజులు పడ్తది."
ఊపిరిని కొరియర్ల పెట్టి
నలభై రోజులు నేనేం తినాలె?
ఆయన మాట తప్పని అననీకి లేదు.
తప్పు బిగిస్తే సచ్చేది నేనే.
గని సచ్చేది నేనే అయినప్పుడు
నాకంటే పైలంగ బిగించెటోడెవడు?

మంచిర్యాలల పొద్దుగాల బండెక్కి వరంగల్ పోయిన.
స్టేషన్ రోడ్ల జాకీలు బాగుచేసే జైనోద్దీన్ భాయ్
మూడు డబ్బాలు బోర్లించిండు.
ఒక్కొక్క రింగును ముంజేతి మీద దొర్లించి,
పండ్ల నడుమ నొక్కి,
వెలుతురుకు పెట్టి చూసిండు.
రింగులు దొరికినయి. సీటు లేదు.
నైలాను కడ్డీ కోసి లేతు మీద తిప్పిస్తనన్న.
ఆయన నా మొఖం దిక్కు చూసిండు.
"నూనెకైతే నేను జిమ్మా.
మనిషికి చెప్పలేను."
రింగుల పైసలు తీసుకోలే.

పదొద్దులకు బస్టాండుల పార్సిలు:
తలనొప్పి మందు డబ్బీల, దూదిల చుట్టి,
సీట్లు రెండు.
పంపింది విశాఖ రేవుల ఓడల కింద పనిచేసే అప్పలకొండ.
పదేండ్ల కింద ఒక్క వారం కలిసి మునిగినం.
చీటీ మీద ఒకటే ముక్క:
"ఎక్కడివని అడక్కు."

రాత్రి బిగించి సిలిండర్ తిప్పిన.
సూది లేసి, తొమ్మిదిన్నర మీద నిలబడ్డది.
భూలక్ష్మి చూపు తియ్యలే. నేను తియ్యలే.
ఐదు నిమిషాలు. పది.
పొయ్యి మీద పప్పు అడుగంటింది.
వాసనొచ్చినా
ఎవ్వరం లేవలే.

ఒకటి మిగిలింది.
వచ్చే ఏడాదికి నాకే కావాలె, దాచిపెట్టుకోవాలె.
బియ్యం డబ్బాల పెట్టిన, మళ్ళ తీసిన.
గోదావరిఖనిల ఓదెలుది కూడ
నోట్లె పెట్టుకోకముందే సుయ్యిమంటున్నదట,
అట్లనే మునుగుతున్నడు పిలగాడు.
ఫోన్ చేసి రమ్మన్న, పట్టుకొని రా, చూపిస్తనని.
"నేర్పెతందుకు కాగితమున్నదా అన్నా?"
అని నవ్విండు.

ఏదుముల్లు కడిగి
కిటికీల ఆరబెట్టిన.