మడత కాయితం

మాదాపూర్ల పెద్ద హోటలు, నాలుగో అంతస్తు హాలు.
పొద్దుగాల ఆరింటికే
పచ్చ బల్లగుడ్డ మీద ఇస్త్రీపెట్టె తోలుతున్న.
ఫ్రాంక్లిన్ సారు స్కేలు పట్టుకొచ్చిండు.
రెండు జెండాలు ఒక్క ఎత్తుల ఉండాలె,
వేలెడు తేడా వచ్చినా పేపర్ల పడతది అన్నడు.

ఒక జెండా స్టాండు కుంటుతున్నది.
మనదా, వాళ్లదా అని అడగకుండ్రి,
నేను చెప్ప.
టిష్యూ కాయితం మూడు మడతలు పెట్టి
కాలు కింద దోపిన.
అప్పుడు నిలబడ్డది.

ఎవరి దిక్కు నీళ్ల సీసాలు ఎక్కువ కావొద్దు,
ఎవరి కుర్చీ ఎత్తు కావొద్దు.
ఎన్ని పెండ్లిళ్లకు బల్లలేసిన,
వియ్యపోళ్లకు సుత ఇంత కొలిచి పెట్టలే.

మా బావ బాలకిషన్
మలక్‌పేట గంజిల మిరపకాయ లోడెత్తి
పదకొండు రోజులాయె.
మూడు రోజుల్ల బోర్డరు చేరిండు,
ఎనిమిది రోజుల సంది గేటు కాడనే ఉన్నడు.
ముందర నాలుగు వందల బండ్లంట.
బండి కింద చాప, చాప మీద బావ,
టార్పాలిన్ మీద వాన.
చెమ్మ తాకితే రంగు పోతది,
రంగు పోతే రేటు పోతది,
కిస్తీ మాత్రం యాడికీ పోదు.

పదింటికి వచ్చిండ్రు.
నల్లకోట్లు, నడుమ ఒకామె జాందానీ చీర.
మైత్రి అన్నరు వీళ్లు.
మొయిత్రి అన్నరు వాళ్లు.
దుబాసీ పిల్లగానికి ఆడ పనే పడలే.
గంటల కాడికి వచ్చేసరికి
పాపం వానికి చెమటలు పట్టినయి.
గేటు కాడ బండి ఎన్ని గంటలు ఆగొచ్చు?
ఇరవై నాలుగు అని ఒకరు,
డెబ్బై రెండు అని ఒకరు.
నేను కెటిల్ పట్టుకొని నిలబడ్డ.
నూట తొంభై రెండు, అందామనుకున్న,
మా బావ లెక్క.
చాయ్ పోసేటోని ముందర మైకు ఉండది.
చక్కెర ఒకటా, రెండా అని అడిగిన.

భోజనాల కాడ ఆ చీరామె
మీ మిర్చి పడకుంటే మా చేపలకూర కూరే కాదు అన్నదంట.
అందరు నవ్విండ్రు.
ఆ మిర్చి ఇప్పుడు ఏ వానల నానుతున్నదో
ఎవరూ అడగలే.

నాలుగింటికి సంతకాలు. ఫోటోలు.
సామాను మెట్ల మీదికురికి ఫోను కొట్టిన.
బావా, నలభై ఎనిమిదికి ఒప్పుకున్నరు!
ఎప్పటి సంది? అన్నడు.
తేదీ కాడ 'త్వరలో' అని రాసుకున్నరు.
బావ నవ్విండు. పక్కనుంచి ఇంకో నవ్వు ఇనబడ్డది.
ఎవరు బావా?

మొఫిజుల్, ఆవలి డ్రైవరు.
జనపనార సంచులు తెచ్చి
ఇటు దించుకునేటోళ్లు లేక ఆరు రోజులాయె.
మన కాయలు ఎక్కిపోయేది గసొంటి సంచులల్లనే గదరా.
స్టవ్వు ఆయనది, బియ్యం నావి.
ఉప్పుచేప ఆయనది,
చిరిగిన సంచిల నుంచి జారిన నాలుగు కాయలు నావి.

మరి మాట ఎట్ల కలుస్తది?

ఏం మాటరా,
కారం ఎక్కువైతే ఇద్దరం ఒక్కతీరుగనే దగ్గుతం.

రాత్రి హాలు ఖాళీ.
గుడ్డలు చాకిరేవు బుట్టల, పూలు చెత్తల.
స్టాండు లేపితే
ఆ మడత కాయితం బల్లకు అంటుకొని ఉన్నది,
పొద్దంత మోసి మోసి
అట్టముక్కోలె గట్టిపడ్డది.
ఏమనిపించిందో, పారేయలే.
జేబుల పెట్టుకున్న.

రేపు ఇదే హాల్ల నగల దుకాణపోళ్ల మీటింగు.
జెండాలు అరల పెట్టుకుంట
ఫ్రాంక్లిన్ సారుకు చెప్పిన,
ఆ స్టాండు కాలు జర బాగుచేయించుండ్రి అని.

త్వరలో, అన్నడు సారు.