అరవై ఎనిమిది డిగ్రీలు

ఆటోనగర్‌లో మా గోడౌన్ కప్పు కింద
ఎర్ర పైపుల వరసలు.
మూడేసి మీటర్లకొకటి తలకిందులుగా వేలాడుతూ
చిటికెన వేలి గోరంత గాజుబుడ్డి,
లోపల ఎర్ర రసం, అందులో ఒక గాలి బుడగ.
నాలుగు వందల పన్నెండు. లెక్కపెట్టింది నేనే,
మెడ పట్టేసింది.

నా ఉద్యోగం పంపు రూము.
పొద్దున్నే గేజీ ముల్లు చూడ్డం,
ఏడు కేజీలు అని రాయడం, సంతకం పెట్టడం.
ఆరేళ్లు. ఏడు, ఏడు, ఏడు.
"ఏటి గుంపసామీ, నీ వానెప్పుడ్రా" అని
కళాసీలు నవ్వేవోళ్లు.
షావుకారైతే ప్రతి మార్చిలోనూ ఆ ఖర్చుని
నాలుకతో పుచ్చుపన్నులా తడుముకునేవాడు.
"ఒకటి పగిల్తే అన్నీ కురుస్తాయి కదరా,
సరుకంతా నానిపోదా?"
కాదు బాబూ, ఏ బుడ్డి కింద మంటో ఆ బుడ్డే పగుల్తాది,
అరవై ఎనిమిది డిగ్రీలు తనదాకా వస్తేనే.
మిగతావి నోరు విప్పవు.
సినిమాలో చూసింది నమ్మినంత
నా మాట నమ్మలేదు.

అంతకు ముందు వేసవిలో, మా వెనక వీధిలో
పరుపుల గోడౌన్ కాలింది.
అక్కడ పైపుల్లేవు.
ఒక రాత్రీ ఒక పగలూ ఇంజన్లు కొడుతూనే ఉన్నాయి,
మా కాలనీ కుళాయిలు మూడు రోజులు దగ్గాయి.
యారాడ కొండ కనపడలేదు.
ఆరేసిన తువ్వాళ్ల మీద మసి నూగు.
నురగెత్తిన నల్లనీరు గెడ్డలోకి దిగి
గెడ్డలోంచి సముద్రంలోకి.
గంగవరంలో మా చిన్నత్త నూకరత్నం గంప దించి
మొప్ప ఎత్తి చూపించింది,
"సూడు, కవళ్లకి కూడా పొగ సూరింది."
ముద్దకట్టిన స్పాంజి ముప్పై లారీలు
కాపులుప్పాడ చెత్త కొండకి వెళ్లింది.
వాచ్‌మన్ అసిరినాయుడు ఎక్కడికీ వెళ్లలేదు.
తలుపు దగ్గరే దొరికాడు,
చెయ్యి గొళ్లెం మీద.

మా రాత్రి వచ్చింది.
తుఫాను ముందరి ఉక్క, రెండూ పది.
ఏడో వరసలో ఫ్యాను వైరు, దాని పక్కన అట్టపెట్టె.
లోపల తొమ్మిదిమంది, అందులో ఇద్దరు నిద్ర.
నాకు మంట కనపడలేదు.
ముల్లు కదిలింది.
ఆరేళ్లలో మొదటిసారి ఏడు, ఆరున్నర అయింది.
గోడ మీద గంట తనంతట తానే మోగింది.
పరిగెత్తాను.

ఒక్కటే బుడ్డి.
దాని కింద గొడుగు విప్పినట్టు వాన.
మొదట నల్లగా, తుప్పు కంపుతో
(ఆరేళ్లు పైపులో కళ్లు మూసుకు కూర్చున్న నీరు కదా)
తరవాత తేటగా.
కప్పుకి ఎగబాకిన పొగ
తడిసి, బరువెక్కి, కూలబడింది.
నిద్రలోంచి లేచిన పోలారావు
చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు.
పరిగెత్తి కాదు. నడిచి.

ఇంజనొచ్చి, ఫైరాయన వంగి బూడిద కెలికి
"ఇంక కట్టేయ్" అన్నాక వాల్వు తిప్పాను.
ట్యాంకులో కొలకర్ర దించి చూస్తే
వెయ్యి లీటర్లు దాటి కాస్త.
మా వీధికొచ్చే ట్యాంకరులో అయిదో వంతు లేదు.
ఇరవై రెండు పెట్టెలు పోయాయి.
గెడ్డ దాకా పోనేలేదు నీరు,
గుమ్మం దగ్గర గోనెసంచులే తాగేశాయి.

తెల్లారి షావుకారు పెట్టెలు లెక్కపెట్టి,
తల పైకెత్తాడు. మొదటిసారి.
"కొత్త బుడ్డి ఎంతరా?"
"మీరు రాత్రి తిన్న బిర్యానీ అంత, బాబూ."
నవ్వలేదు. వెళ్లి గేటు దగ్గర చాలాసేపు
వెనక వీధికేసి చూస్తూ నిలబడ్డాడు.

నిచ్చెన వేసి కొత్తది బిగించాను.
ముల్లు ఎక్కి ఎక్కి, తన చోట ఆగింది.
రిజిస్టర్లో చివరి గడి, విశేషాలు అని ఉంటుంది,
ఆరేళ్లూ ఖాళీ.
అందులో అసిరినాయుడి పేరు రాశాను.
ఎందుకు రాశానో అడిగితే చెప్పలేను. కొట్టెయ్యలేదు.
పక్కన రాశాను:
ఏడు.