తలుపు రంగు మార్చి రాస్తున్నాను

ఆ వీధి కంచరపాలెంలో ఉందనుకోండి.
లేదా జ్ఞానాపురంలో, ఖనిజం ధూళి
ఆరేసిన బట్టల్ని మళ్లీ ఎర్రగా ముంచే చోట.
తలుపు ఆకుపచ్చ అంటాను. కాదు.
ఆడపిల్లో మగపిల్లాడో, అదీ అడక్కండి.

నేను కరెంటు మీటరు చూసేవాణ్ణి.
నెలకోసారి ప్రతి గుమ్మంలోనూ
మెడ ఎత్తి నిలబడతాను.
"మీటరు!" అని అరిస్తే
ఎవరూ పైట సర్దుకోరు, తగువు ఆపరు.
గోడకి కొట్టిన మేకుకీ నాకూ
వాళ్ల లెక్కలో పెద్ద తేడా లేదు.

ఆ ఇంట్లో మీటరు మెట్ల కింద.
ఆ రోజు మీటరుతోబాటు ఇంకొకరున్నారు,
మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని.
మోచేతి పైన ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో
ఒక మచ్చ, పాతది. పక్కన ఇంకోటి, పచ్చిది.
"ఏటయ్యింది?" అన్నాను.
"నాలుగువేల నూటపన్నెండు" అంది ఆ గొంతు
మీటరు వైపు చూడకుండానే, నాకు సాయంగా.
అక్కడ అన్నేసి గంటలు కూర్చుంటే
చదువుకోడానికి ఇంకేముంటుంది.

మెషిను బిల్లు కక్కింది. చించి ఇచ్చాను.
ఇంకా పద్దెనిమిది ఇళ్లున్నాయి. చూశాను కూడా.
అందులో రెండు తప్పు కొట్టాను.

కాన్వెంట్ జంక్షన్లో, లారీలు పోతుంటే
ఒక చెవి మూసుకుని
పది తొమ్మిది ఎనిమిది నొక్కాను.
అవతలామె తొందరపడలేదు.
మీ పేరు చెప్పొచ్చు, మానొచ్చు, అంది.
చెప్పినా బయటికి పోదు, అంది.
నమ్మలేదు. నాది కాంట్రాక్టు ఉద్యోగం.
అయినా ఇంటిపేరుతో సహా చెప్పాను, ఎందుకో.

పై నెలకి మెట్ల కింద చెప్పులు పెట్టుకున్నారు.
"ఎవుడో కూసేడు" అన్నాడా ఇంటాయన.
"పతీ ఇల్లూ తిరుగుతావు కదా, నీకేటైనా తెలుసేటి?"
"నాకు యూనిట్లే తెలుసు బాబూ."
నాలిక ఉప్పగా అయింది.
సముద్రం గాలి అనుకున్నాను.

ఆ బిడ్డ ఎక్కడుందో కనుక్కుందామని
మళ్లీ ఫోన్ చేశాను. బతిమాలాను.
"చెప్పకూడదండీ" అంది అదే గొంతు.
ఆ రాత్రి మొదటిసారి నిద్ర పట్టింది.

వీధికి మాత్రం ఒక పేరు కావాలి కదా.
ఖాళీ ఉన్న చోట
టైలరు సన్యాసమ్మని పెట్టుకుంది
(ఆమె అసలు పేరు అది కాదు).
ఆమె కిటికీ అటే తెరుచుకుంటుందట.
జాకెట్లు రావడం మానేశాయి.
చేపలు కడిగిన నీళ్లు ఎవరో ఆమె గుమ్మంలో పోశారు.

నేను నోరు విప్పితే ఆమె బయటపడుతుంది.
కానీ అప్పుడు,
బిడ్డే మీటరు మనిషితో చెప్పుకుందంటారు.
ఆ బిడ్డ నాతో చెప్పింది ఒక్క అంకె.

అందుకని ప్యాంట్లు పట్టుకెళ్లాను.
మొదట నీలంది, అంచు పొట్టి చెయ్యమని.
తర్వాత గోధుమరంగుది.
తర్వాత బావమరిది పెళ్లికి కుట్టించుకున్నది.
ఇప్పుడు స్టూలెక్కితే నా మడమలు కనిపిస్తాయి.
మా ఇంటావిడ నవ్వుతుంది.
ఎందుకని అడిగితే, వానాకాలం కదా అన్నాను.

నాలుగోసారి సన్యాసమ్మ టేపు మెడలో వేసుకుని
ప్యాంటునే చూస్తూ అంది:
"నాను సెప్పనేదు బాబూ."
తెలుసు, అనబోయి దగ్గాను.
"రెండేళ్లు ఆ కిటికీలోంచి సూసేను.
నానే సెప్పాల."

దారం పంటితో తెంపింది.
ముప్ఫై రూపాయలంది.
హార్బరులో ఏదో ఓడ కూసింది,
చాలాసేపు, ఊరంతా వినేలా.
ఇద్దరం తలలు వంచుకుని
అది ఆగేదాకా చిల్లర లెక్కపెట్టుకున్నాం.