నూటపదమూడో పేజీ

పుస్తకాన్ని నేను బరువుతో గుర్తుపడతాను.
ఇరవై రెండేళ్ళుగా ఈ బడి నేల తుడుస్తున్నవాణ్ణి,
చదువు నాకు నిదానం,
పెదాలు కదపందే అక్షరం లోపలికి పోదు.

సోమవారం పదిహేడు పెట్టెలు మోశాను
లైబ్రరీ నుంచి కింద బాయిలర్ గదికి.
"విచారణ తేలేదాకా" అన్నారు.
జ్వరమొచ్చిన పిల్లల్లా వెచ్చగా ఉన్నాయి చేతుల్లో.
కిటికీ పక్కన, ఎండలో ఉండి వచ్చాయి మరి.

గురువారం రాత్రి మీటింగు.
నెబ్రాస్కాలో ఫిబ్రవరి. బయట మొక్కజొన్న మోళ్ళ మీద మంచు,
లోపల జిమ్ములో నేను వేసిన రెండొందల నలభై కుర్చీలు,
చాలక గోడలకి ఆనుకున్న జనం.
మనిషికి మూడు నిమిషాలు.
కోడిపెట్ట ఆకారంలో ఉన్న వంటింటి టైమరు
క్యాంటీన్ నుంచి తెచ్చి బల్ల మీద పెట్టింది నేనే.

ఆర్డిత్ వోగెల్ లేచింది.
చెడ్డ మనిషి కాదు. మా అమ్మ పోయినప్పుడు
మూడు రోజులు మా గుమ్మంలో సూపు గిన్నె పెట్టి వెళ్ళింది,
తలుపు కూడా కొట్టకుండా.
నూటపన్నెండో పేజీలోంచి ఒక పేరా చదివింది.
చదువుతూ చదువుతూ తనే ఎర్రబడింది, కాగితం వణికింది.
ఒక తల్లి తన కొడుకు చెవులు మూసింది.
వాడు ఆరడుగులున్నాడు.
చప్పట్లు.
నూటపదకొండులో ఏముందని ఎవరూ అడగలేదు.

తర్వాత ఇద్దరు పాస్టర్లు, ఒక ట్రాక్టర్ల వ్యాపారి,
"నా పన్నులు" అని ఎక్కి "నా పన్నులు" అనే దిగిన ఒకాయన.
లైబ్రరీ కోరిన్ మేడమ్ నోరు విప్పలేదు,
లాయరు వద్దన్నాడట.

చివర్లో యెసేనియా. పదో తరగతి.
మాంసం ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకి వెళ్ళాల్సిన వాళ్ళమ్మ
తెల్ల రబ్బరు బూట్లతోనే వచ్చి వెనక నిలబడింది.
"నేను తర్వాతి పేజీ చదువుతాను" అంది ఆ పిల్ల.
పెట్టెల కెక్కకముందే ఫోనులో ఫొటో తీసి పెట్టుకుందట,
ఆ ఒక్క పేజీ.
ఎందుకో చెప్పలేదు. తొందరపడకుండా చదివింది.
కథలో అమ్మాయి అంట్లు తోముతున్న పిన్ని దగ్గరికి వెళ్తుంది.
పిన్నీ, అంటుంది. బాబాయి, అంటుంది.
అప్పుడు పిన్ని

కోడిపెట్ట మోగింది.

"థాంక్యూ" అన్నాడు చైర్మన్ గేలెన్.
ఆ పిల్ల అలాగే నిలబడింది
చేతిలో ఫోను వెలుగు దానంతటదే ఆరిపోయేదాకా.

కుర్చీలు మడిచాను. రెండొందల నలభై.
మడిచిన ప్రతి కుర్చీ, అప్పుడు పిన్ని, అప్పుడు పిన్ని, అంటోంది.

మా చెల్లెలు లిడీ కూడా ఒకసారి
వంటింట్లో నా పక్కన గిన్నెలు తుడుస్తూ
ఒక మాట మొదలెట్టింది.
అన్నా, ఆ గడ్డివాము వెనక, అంది.
ఎవరో తలుపు కొట్టారు. తీయడానికి వెళ్ళాను.
డెబ్బై తొమ్మిదో సంవత్సరం అది.
మళ్ళీ ఆ మాట తను ఎత్తలేదు, నేను అడగలేదు.
ఇప్పుడు అడుగుదామంటే ఒమాహాలో రాతి కింద ఉంది.

తొమ్మిదో పెట్టెలో దొరికింది.
బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాను.
వేలు పెట్టి, పెదాలు కదుపుతూ,
నూటపదకొండు నుంచే మొదలెట్టాను, వరస తప్పకుండా.
నూటపన్నెండు దగ్గర రెండుసార్లు ఆగాను.

అప్పుడు పిన్ని పంపు కట్టేసింది.
తడి చేతులతోనే వెళ్ళి తలుపు గడియ పెట్టింది.
వచ్చి పక్కన కూర్చుంది.
"ఊఁ, చెప్పు" అంది.

అంతే ఉంది అందులో.

నా గుత్తిలో ఇరవై ఆరు తాళంచెవులు.
బాయిలర్ గది తాళం పడటం లేదని
రేపు రిపోర్టులో రాస్తాను.
బల్బు మాత్రం బాగానే వెలుగుతోంది.
ఇందాకే మార్చాను.