రెండో బ్రేకు

తాడిపత్రి దాటినాక
బండల పాలిష్ బూడిద ఎండి తెల్లబడిన బయలు.
పాత టైర్లు పాతి, సున్నంతో గీత గీసి
దాన్నే ట్రాక్ అంటున్నారు.
బుడ్డల పొట్లం విప్పకముందే
నోట్లో ఇసక.

మూడో బండిని చూసి నవ్వొచ్చింది.
తలుపు మీద ఎర్ర 'ఎల్' ఇంకా చెరగలా.
వారమంతా నాకు
"మెల్లగామ్మా, క్లచ్చి మెల్లగా" అని చెప్పే వన్నూరప్ప సారు
మలుపులో బండిని అడ్డంగా ఈడుస్తా పోతున్నాడు.
పక్క సీటు పీకేసినాడు.
నా తప్పులకని పెట్టిన
రెండో బ్రేకూ లేదు.

ఐదుగురిలో నాలుగోవాడు.
హెల్మెట్ తీస్తే కనుబొమ్మలు నెరిసినాయి.
నన్ను చూసి సిగ్గుపడినాడు.

సోమవారం పొద్దున ఆరింటికి
సీటు బిగించుకోని వచ్చినాడు.
గుంత కాడ గట్టిగా బ్రేకు తొక్కినా.
డాష్‌బోర్డు సందులోంచి
తెల్ల దుమ్ము ఒళ్లో రాలింది.

ఇద్దరమూ ఏం మాట్లాడలా.